పన్ను తగ్గించినా తిరగబడ్డారు!

అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాల వాళ్లంత విశ్వాసం లేని జనం ఇంకెక్కడా ఉండరు. లండన్ పెద్దలు రెండుసార్లు వాళ్లకు రేటు తగ్గించారు. రెండుసార్లూ రచ్చే.

1764లో ఫ్రెంచి దీవుల మొలాసిస్ (చెరకు మడ్డి) మీద గ్యాలన్‌కు 6 పెన్నీలున్న సుంకాన్ని 3 పెన్నీలు చేశారు. పాత ఆరు కాగితం మీదే ఉండేది. కస్టమ్స్ వాడి చేయి తడిపితే పీపా ఒడ్డెక్కేది. కొత్త మూడు మాత్రం నిజంగానే కట్టాలట! దొరికితే జ్యూరీ లేని నౌకా కోర్టు.

మరుసటి ఏడు స్టాంపు చట్టం. దస్తావేజు, పత్రిక, పంచాంగం, పేక, అన్నిటికీ పన్ను స్టాంపు. పాచికల జతకైతే ఏకంగా 10 షిల్లింగులు. ఊళ్లో బాగా నోరున్న వాళ్లెవరు? లాయర్లు, ప్రింటర్లు. ఏరికోరి వాళ్ల నెత్తిన పెట్టారు. 1766 మార్చి 18న రద్దు చేశారు. ‘మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాది’ అంటూ అదే రోజు ఇంకో చట్టం తెచ్చారు. తప్పయిందంటూనే మీసం మెలేయడమన్నమాట.

ఇక టీ. 1773లో ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో టీ గుట్టలు పడి ఉంది. లండన్‌లో కట్టిన సుంకం వాపసు ఇచ్చి, దొంగచాటు డచ్చి టీ కన్నా చవగ్గా అమ్ముకోమన్నారు. అమెరికాలో కట్టాల్సిన పౌనుకు 3 పెన్నీల సుంకాన్ని మాత్రం వదల్లేదు. అది ఆదాయం కాదు, పట్టుదల. అమ్మకం ఏజెన్సీ కొద్దిమందికే దక్కింది. బోస్టన్‌లో గవర్నర్ హచిన్సన్ కొడుకులు ఇద్దరు వాళ్లలో ఉన్నారు. మిగతా వర్తకులు చవక టీ చూసి మురిసిపోవాలని కాబోలు!

నవంబరు 28న టీతో డార్ట్‌మౌత్ ఓడ బోస్టన్ చేరింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే సరుకు జప్తు. ఫిలడెల్ఫియాలో ఓడను వచ్చిన దారినే పంపేశారు. ఇక్కడ గవర్నర్‌గారు సుంకం కట్టందే ఓడ కదలకూడదన్నారు. గడువుకు ముందు రాత్రి, డిసెంబరు 16న, జనం ఓడలెక్కి 342 టీ పెట్టెలను నీళ్లపాలు చేశారు.

టీ ఖరీదు కక్కేదాకా బోస్టన్ రేవును లండన్ మూసేసింది. అది చూసి మిగతా వలసలు జడుసుకోవాలని లెక్క. 1774 సెప్టెంబరుకల్లా 12 వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో ఒక్క కప్పు కింద కూర్చున్నారు. జార్జియా మాత్రం రాలేదు. లండన్ ఆ ఒక్కదాన్నీ లాభాల ఖాతాలో రాసుకోవచ్చు.