నైరుతిలో ట్యాంకు, ఈశాన్యంలో చెరువు

కాకినాడలో మా పడగ్గది కప్పు మీద ఒక మరక ఉంది. మొదటి ఏడు అప్పడమంత, రెండో ఏడు విస్తరంత, ఈ ఏడు నవారు మంచమంత అయింది. దాని కిందే నిద్రపోతున్నవాణ్ణి కనుక, స్లాబులు ఎందుకు పాడవుతాయన్న విషయంలో మాట్లాడే అర్హత నాకు వచ్చేసిందని అనుకుంటున్నాను.

లోకమంతా వానను తిడుతుంది. ఇది చాలా అన్యాయం. వాన ఏడాదికి నాలుగు నెలలు వచ్చిపోయే చుట్టం. మేం పన్నెండు నెలలూ ఇక్కడే ఉంటాం. స్లాబుకు వాన చేయగలిగిన కీడు ఎంతో, దానికి పదింతలు మేం భక్తిశ్రద్ధలతో చేశాం.

1996 నవంబరు 6 తుపానుకు మా పాత ఇంటి మంగళూరు పెంకులు వీధిలో అందరికీ సమానంగా పంపిణీ అయ్యాయి. ఆ రాత్రి ఇత్తడి గంగాళం కింద తలదాచుకున్న మా నాన్నగారు స్లాబు వేసి తీరతానని శపథం పట్టారు. శపథం నెరవేరడానికి అయిదేళ్లు పట్టింది.

స్లాబు రోజంటే మనకు పెళ్లికి ఏమాత్రం తీసిపోదు. కొబ్బరికాయ, మేస్త్రికి పంచెల చాపు, పనివాళ్లకు వేటమాంసం. అసలు చిక్కంతా ఆ మాంసంతోనే వచ్చింది. కూర ఉడికేలోగా స్లాబు అయిపోవాలి. కాంక్రీటు చూస్తే గట్టిగా ఉంది, కదలనంటోంది. "రెండు బకెట్లు పొయ్యరా, జారుతాది" అన్నాడు మేస్త్రి. పోశారు, జారింది. ఎక్కువైన నీళ్లు తర్వాత ఆవిరై పోయాయి కానీ, అవి ఉన్న చోట్లు అలాగే బోలుగా మిగిలాయి. మా మరకకు మొదటి తలుపు అక్కడే తెరుచుకుంది.

సముద్రపు గాలి తగిలే చోట చువ్వను కప్పుతూ 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు ఉండాలని, కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణ గ్రంథమైన ఐఎస్ 456 చెబుతుంది. దాని కొత్త కూర్పు అంతకు ముందు ఏడాది, 2000లోనే వచ్చింది గానీ మా మేస్త్రి దాకా రాలేదు. ఆ మందం దక్కేలా చువ్వలను ఎత్తిపట్టే కవర్ బిళ్లలు కింద పెట్టవా అని నాన్నగారు అడిగితే, నాలుగు కంకర రాళ్లు దోపి, "మరేం పర్లేదండి, మనూళ్లో అన్నీ ఇలాగే నిలబడ్డాయండి" అన్నాడు. నిజమే, నిలబడ్డాయి. కారుతూ నిలబడ్డాయి.

తర్వాత నీళ్లు కట్టడం. మడులు కట్టి కనీసం వారం రోజులు, ఎండాకాలమైతే పది రోజులు తడి ఆరకుండా చూడాలి. ఆ బాధ్యత నాకు అప్పగించారు. మూడో రోజున రాజమండ్రిలో మేనత్త కూతురి పెళ్లి. స్లాబు మీద గోనెసంచులు కప్పి, సత్యనారాయణస్వామికి అప్పగించి వెళ్లాం. తిరిగొచ్చేసరికి దాని మీద సన్నటి గీతలు. "అవి వెంట్రుక పగుళ్లండి, అందరికీ ఉంటాయండి" అన్నాడు మేస్త్రి. వెంట్రుకలు అందరికీ ఉంటాయన్న మాట కాదనలేకపోయాం.

ఇక వాస్తు. ట్యాంకు నైరుతిలో ఉండాలన్నారు సిద్ధాంతిగారు. వెయ్యి లీటర్ల ట్యాంకు, అంటే నిండితే టన్ను బరువు, దూలం ఎక్కడుందో ఎవరూ చూడకుండా నాలుగు ఇటుకల మీద నైరుతిలో కూర్చుంది. వాన నీరు ఈశాన్యానికి పారాలన్నారు. వాటం, అంటే స్లాబు వాలు, అటే పెట్టారు. కానీ వీధి మాకు పడమర. ఈశాన్యంలో పక్కింటివారి గోడ, అటు గొట్టం పెడితే తగవు. అందుకని గొట్టం పడమరకే పెట్టారు. నీళ్లు మాత్రం శాస్త్ర ప్రకారం ఈశాన్యానికే వెళ్లి అక్కడే ఆగాయి. ఈశాన్యంలో నీరు నిలిస్తే సిరి నిలుస్తుందన్నారు. ఇరవయ్యేళ్ల పైబడి ఒకటి నిలుస్తోంది, రెండోదాని కోసం చూస్తున్నాం.

ఆ చెరువుగట్టున, అనగా పిట్టగోడ మొదట్లో, ఒక కాకి దయవల్ల రావి మొక్క మొలిచింది. పీకబోతే మా అత్తగారు అడ్డుపడ్డారు. పీకితే పాపం, వదిలితే పగులు. పాపానికి జడిసి వదిలేశాం. ఇప్పుడు అది పిట్టగోడను స్లాబు నుంచి విడదీసి, స్వతంత్రంగా బతుకుతోంది.

ఎండ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. రోజూ ఈ దండాలూ బస్కీలూ తీస్తే ఎవరికైనా కీళ్లు పడతాయి.

కానీ వీటన్నిటినీ మించింది ఆశ. మా డాబా మీద తొమ్మిది స్తంభాల చువ్వలు ఆకాశంలోకి నాలుగేసి అడుగులు లేచి ఉన్నాయి. అవి మా తమ్ముడి మేడ. వాడు డాలస్‌లో ఉంటాడు. ఆ చువ్వలకు బట్టలారేసుకున్నాం, బారసాలకి షామియానా కట్టాం, గాలిపటాలు పోగొట్టుకున్నాం. ఉప్పుగాలి వాటిని వదిలిపెట్టలేదు. తుప్పు, తనకు జన్మనిచ్చిన ఇనుముకంటే రెట్టింపు పైగా చోటు అడుగుతుంది. చోటు దొరక్కపోతే కాంక్రీటును లోపల్నుంచి తన్నుతుంది. అప్పుడు పెచ్చులూడి కింద కంచంలో పడతాయి. తమ్ముడికి ఫోటో పంపితే, "ఉండనీ అన్నయ్యా, రిటైరయ్యాక వచ్చి కడతాగా" అన్నాడు. వాడికి నలభై ఆరేళ్లు.

మరమ్మతులు చేయించలేదని అనుకునేరు. నీళ్లు పైనుంచి వస్తాయని తెలిసినా, చుట్టాలకు కనిపించేది కిందిభాగం కనుక ఏటా కిందే పుట్టీ పెట్టించాం, తడి ఆరకముందే. పైన మూడుసార్లు తెల్ల పెయింటు వేయించాం, ప్రతిసారీ పదేళ్ల గ్యారంటీతో. ఆ లెక్కన మాకు ఇంకా పాతికేళ్ల పైన గ్యారంటీ మిగిలే ఉండాలి.

మొన్న ఒక కుర్ర ఇంజనీరు వచ్చి చూశాడు. వాటం మార్చి ఆ పొడుగు చువ్వలు కోసేయాలన్నాడు, రావి మొక్కను వేరుతో తీయాలన్నాడు. ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. తమ్ముడి మేడ, అత్తగారి పుణ్యం, సిద్ధాంతిగారి ఈశాన్యం, మూడూ ఒకే వాక్యంలో పోతాయన్నమాట. అతనికి కాఫీ ఇచ్చి, మర్యాదగా గేటు దాకా దిగబెట్టాం.

ప్రస్తుతానికి మరక కింద నుంచి మంచం జరుపుదామని అందరం ఒప్పుకున్నాం. ఏ దిక్కుకు జరపాలో అడగడానికి మా ఆవిడ సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తోంది.