మిషన్ స్కూల్లో డార్విన్ పాఠం చెప్తారా?

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. మొన్న మా విశాఖలోని ఎంవీపీ కాలనీ నుంచి మా బాబాయి కొడుకు చేశాడు. వాడి కూతురు ఆరో తరగతికి వస్తోంది. ఒక వైపు మిషన్ స్కూలు, ఇంకో వైపు పొద్దున్నే గీతా శ్లోకాలు చదివించే ట్రస్టు స్కూలు. ఫీజులు దాదాపు ఒకటే. వాడి టెన్షన్ వేరే.

"అన్నయ్యా, మిషన్ స్కూల్లో వేస్తే డార్విన్ పాఠం చెప్తారంటావా? అమెరికాలో దీని మీద పెద్ద గొడవలట కదా!"

"వెయ్యరా, ఏం కాదు. ట్రస్టు స్కూల్లో వేసినా ఏం కాదు" అన్నాను. తప్పించుకుంటున్నాననుకున్నాడు. ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అమెరికా గొడవ అందరికీ తెలిసిందే. 1925లో టెనెసీ రాష్ట్రంలో పరిణామవాదం (జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయనే డార్విన్ సిద్ధాంతం) బోధించాడని స్కోప్స్ అనే టీచర్‌కి 100 డాలర్ల జరిమానా వేశారు. 1987లో అక్కడి సుప్రీంకోర్టు, సృష్టివాదాన్ని, అంటే జీవుల్ని దేవుడే నేరుగా సృష్టించాడన్న వాదాన్ని, సైన్సు పేరుతో ప్రభుత్వ బడుల్లో చెప్పించడం కుదరదంది. 2005లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ ఊరి బడి కేసులో కింది కోర్టు తీర్పూ అదే దారిలో వచ్చింది. డోవర్‌లో కోర్టుకెక్కింది శాస్త్రవేత్తలు కాదు, పిల్లల తల్లిదండ్రులు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

నేను చదివింది ఈ ఊళ్ళోని మిషన్ స్కూల్లోనే. మాకు బయాలజీ చెప్పిన సిస్టర్ ఒకరోజు స్టీలు పళ్ళెంలో కోడి రెక్క ఎముకలు తెచ్చారు. ఉడకబెట్టి, మాంసం ఒలిచి, సబ్బుతో కడిగినవి. పళ్ళెం బల్ల మీద పెట్టి, పక్కన తన చెయ్యి ఆనించారు. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, అక్కణ్ణుంచి మణికట్టు దాకా రెండు, ఆ తర్వాత చిన్నవి. "ఇప్పుడు కోడి వైపు లెక్కపెట్టండి" అన్నారు. లెక్కపెట్టాం. నిర్మాణసామ్య అవయవాలు (పని వేరైనా లోపలి అమరిక ఒకటే ఉన్నవి) అన్న మాట పుస్తకంలో చదవడానికి ముందే మాకు పాఠం అర్థమైపోయింది. ఆ పిరియడ్ మొదట్లో సిలువ గుర్తు వేసుకున్నదీ ఆ చెయ్యే.

ఇందులో వింత లేదు. క్యాథలిక్ చర్చికి పరిణామవాదంతో పేచీ ఎప్పుడో సద్దుమణిగింది. అది ఊహ స్థాయిని దాటిన సిద్ధాంతమని పోప్ జాన్ పాల్ 2 1996లోనే అన్నారు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీ మొక్కలు పెంచింది మఠం తోటలో. బిగ్ బ్యాంగ్ ఆలోచనకు మూలపురుషుడైన లెమైత్ర్ కూడా ఫాదరే.

మరి అన్ని చర్చిలూ క్యాథలిక్‌వి కావు కదా అని నా హేతువాద మిత్రులు అంటారు. నిజమే. భూమి వయసు ఆరు వేల ఏళ్ళేనని నమ్మే వర్గాలున్నాయి, వాళ్ళు బడులు పెట్టరనీ లేదు. పొద్దున ప్రార్థనలో విన్నదాన్ని ప్రశ్నించకూడదని నేర్చుకున్న పిల్ల, పదకొండు గంటలకు సైన్సు క్లాసులో మాత్రం ప్రశ్నిస్తుందా అన్నది వాళ్ళ వాదన. ఆలోచించదగ్గదే. కానీ మా ఊళ్ళో డార్విన్‌కి తగిలిన పెద్ద దెబ్బ ఏ బడి నుంచీ రాలేదు. సాక్షాత్తూ ఆంధ్రా యూనివర్సిటీ నుంచి వచ్చింది.

2019 జనవరి, జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్. అప్పటి మన వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు వేదికెక్కి, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నారు. డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలు మెరుగన్నారు. ఆయన స్వయంగా కెమిస్ట్రీ ప్రొఫెసర్. అంతకు ఏడాది ముందే కేంద్ర మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీ, ప్రభుత్వ మంత్రి. వీళ్ళిద్దరి మాటల్లో మిషన్ స్కూలు ప్రమేయం ఎక్కడుంది?

దశావతారాల మాట నాకు మరీ కష్టంగా అనిపించింది, ఎందుకంటే మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. వరాహం, నరసింహం రెండూ ఒకే రూపంలో వెలసిన దేవుడు. ఏడాదికోసారి చందనం ఒలిస్తే నిజరూపం కోసం అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడే ఇల్లు మాది. అవతారమంటేనే దిగిరావడం. దేవుడు తనంతట తాను దిగొచ్చాడు. పరిణామంలో దిగిరావడం లేదు, తల్లి నుంచి బిడ్డకు వంశం సాగుతూ కొద్దికొద్దిగా మారడమే. వరాహానికి నరసింహుడు, నరసింహుడికి వామనుడు పుట్టారని ఏ పురాణం చెప్పింది?

ఇంకోటుంది. పరిణామవాదం తప్పని ఏం చూపిస్తే ఒప్పుకుంటారని అడిగితే, ప్రీకేంబ్రియన్ (కుందేళ్ళలాంటి జంతువులింకా పుట్టని అతిప్రాచీన కాలం) రాతిలో కుందేలు శిలాజం చూపించండి చాలు అన్నాడని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ పేరు మీద ఓ మాట ప్రచారంలో ఉంది. (కైలాసగిరి రాయి ఆ కాలందే. ఖొండలైట్. కానీ వేడికీ ఒత్తిడికీ రూపు మారిపోయిన రాయి, దాంట్లో కుందేలు కోసం తవ్వుకోకండి.) ఆ హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు, దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశాడు. సైన్సు మనిషి తన సిద్ధాంతం ఎక్కడ ఓడిపోతుందో తనే చెప్తాడు. అప్పన్న తప్పని రుజువు కావాలంటే ఏం తవ్వాలి? ఆ ప్రశ్నే అర్థం లేనిది. అలాంటప్పుడు ఆయన్ని తీసుకెళ్ళి డార్విన్ పక్కన పరీక్ష హాల్లో కూర్చోబెట్టడం భక్తి ఎలా అవుతుంది?

సరే, తల్లిదండ్రుల సంగతికి వద్దాం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' పాఠం కాస్తా 'అనువంశికత'గా మిగిలింది. కోవిడ్ టైములో భారం తగ్గించడానికి అన్నది శాశ్వతమైపోయింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అన్నది జవాబు. ఇంటర్ అనగానే పిల్లల్ని ఎంపీసీలోకి తోసే ఊరు మనది. పదిలో పోతే వాళ్ళకి ఇంకెక్కడా లేదు. డోవర్‌లో తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. ఇక్కడ నాకు తెలిసిన పేరెంట్స్ గ్రూపులో ఆ రోజు వచ్చిన మెసేజ్ ఒకటే: "అమ్మయ్య, ఒక చాప్టర్ తగ్గింది."

మన సృష్టివాదం ఇదీ. దీనికి మతం అక్కర్లేదు, వెయిటేజీ చాలు. మార్కులు రాని పాఠాన్ని ఏ దేవుడూ అడ్డుపడకుండానే వదిలేస్తాం. బైపీసీలోనైనా జరిగేదేమిటి? పరిణామ పాఠంలోని హార్డీ-వీన్‌బర్గ్ సమీకరణం బట్టీ పట్టించి, నీట్‌లో బిట్ కొట్టిస్తారు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళలో సముద్రం వెనక్కీ ముందుకూ జరిగిన కథంతా అక్కడి ఇసుకలో ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా కనిపించేది ప్రీవెడ్డింగ్ షూట్లే, స్కూలు బస్సు ఒక్కటీ కాదు.

అందుకే మా తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసి, ప్రార్థన సంగతి వదిలేసి రెండు చోట్లా ల్యాబ్ చూపించమని అడగమన్నాను. అడిగాడు. ఒక స్కూల్లో తాళం క్లర్కు దగ్గరుంది, ఆయన లీవులో ఉన్నాడు. ఇంకో స్కూల్లో తలుపు తీశారు కానీ లోపల కొత్త యూనిఫాంల అట్టపెట్టెలు నడుమెత్తున ఉన్నాయి. ఏది ఏ స్కూలో చెప్పను. పెట్టెల వెనకాల మైక్రోస్కోపు ఉందట. దాని మీద కప్పిన గుడ్డ మాత్రం శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి ఉందన్నాడు.