ప్లేట్‌లెట్లు లెక్కపెట్టే యంత్రానికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రక్తకణాల లెక్కింపు యంత్రం గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం మా బావగారి ప్లేట్‌లెట్లు 22,000 అని తమరు సెలవిచ్చారు. డెంగీ కాలం కదా, ఆ అంకె చెవిన పడ్డాక ఇక ఎవరికీ ఏమీ వినిపించలేదు. ఆయన ఒంటిమీద ఒక్క ఎర్ర మచ్చ లేదు. చిగుళ్లలో నెత్తురు లేదు. జ్వరం తగ్గింది, ఇడ్లీలు చాలలేదని అలిగి కూర్చున్నారు కూడా. అయినా తమరి మాట ముందు మనిషి మాట చెల్లుతుందా? సాయంత్రానికల్లా అక్క బొప్పాయి ఆకు రసం తాగించింది. మేనల్లుడు కనిపించిన ప్రతి వాట్సాప్ గ్రూపులో దాతలు కావాలని పెట్టాడు. పాపం ఒకాయన పక్క జిల్లా నుంచి బయలుదేరాడు.

రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక పెద్ద వయసు టెక్నీషియన్‌కు ఎందుకో అనుమానం వచ్చింది. గాజు పలక మీద ఒక చుక్క రక్తం పరిచి, లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోపులో చూశాడు. ‘‘ఇక్కడే ఉన్నాయి కదండీ అన్నీ, గుంపులు కట్టుకుని!’’ అన్నాడు. వేరే రసాయనం ఉండే నీలం మూత గొట్టంలో మళ్లీ రక్తం తీయించాడు. ఈసారి 2,10,000.

తమరి ఘనత తెలియని వారి కోసం కాస్త చెప్పనివ్వండి. మామూలుగా తమరి కోసం రక్తం తీసే ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేస్తారు. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. సుమారు వెయ్యి మందిలో ఒకరి రక్తంలో కొన్ని యాంటీబాడీలుంటాయి. కాల్షియం లేనప్పుడు అవి ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికిస్తాయి. ఒంట్లో ఏమీ కాదు, ఆ తంతంతా గొట్టంలోనే. గొట్టం బల్లమీద పడి ఉన్నకొద్దీ గుంపులు పెరుగుతాయి. తమరేమో 1953లో వాలెస్ కౌల్టర్ పేటెంటు పొందిన పద్ధతిలో కణాలను సన్నని రంధ్రంలోంచి పంపి, ఒక్కొక్కటి దాటినప్పుడు కరెంటులో వచ్చే కుదుపును కొలుస్తారు. చిన్న కుదుపైతే ప్లేట్‌లెట్, పెద్ద కుదుపైతే మరొకటి. మరి గుంపుగా వస్తే? పెళ్లి భోజనాల దగ్గర చేతులు పట్టుకుని వచ్చిన పదిమందిని చూసి ‘లావుపాటి మనిషి, ఒకరు’ అని రాసుకున్నట్టే. అంతటితో ఆగారా! ఆ గుంపుల్లో కొన్నింటిని తెల్లకణాల ఖాతాలో జమ చేసి, ఇన్‌ఫెక్షన్ కూడా ఉందేమోనన్న భయం ఉచితంగా పంచారు.

అక్కడ లోకం ఎంత దూరం వెళ్లిపోయిందో చూడండి. ఒంట్లోని ప్రతి రకం కణాన్నీ పట్టికకెక్కించాలని 2016లో హ్యూమన్ సెల్ అట్లాస్ మొదలుపెట్టారు. ఒక్క కణాన్ని విడిగా పట్టుకుని, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివేస్తున్నారు. రక్తంలో తేలే డీఎన్ఏ తునకల్లో క్యాన్సర్ జాడలు వెతుకుతున్నారు. కణాల మీద పరిశోధనకే మన హైదరాబాదులో సీసీఎంబీ ఉంది. మా పేటలో మాత్రం, అతుక్కుపోయిన ప్లేట్‌లెట్లను విడిగా చూడటానికి ఒక ముసలాయన డ్యూటీ ఎక్కేదాకా ఆగాలి.

తమరి బంధుగణాన్ని కూడా ఒక మాట అడగాలి. రిపోర్టుకు ఏడుపు ముఖాల బొమ్మలు అతికించి ఫోనుకు పంపే ఆ ‘స్మార్ట్’ మహాశయుడు, 22,000 పక్కన దానిమ్మ రసం తాగమని సలహా రాశాడు. పండగ తగ్గింపులో వచ్చే ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీ గారి గురించి ఇంకో లేఖ రాయాలి.

అసలు డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీరులాంటి భాగం, కారిపోవడం. దాని జాడ అదే కాగితంలో, రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హెమటోక్రిట్ అనే వరుసలో ఉంటుంది. రక్తస్రావం లేకుండా అంకె చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఆ హెమటోక్రిట్ వరుస ఎవరు చదువుతారు? అందరి కళ్లూ తమరి 22,000 మీదే.

ఇదంతా రాసి తమరిని ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. కానీ వచ్చేముందు ఆ టెక్నీషియన్ నీ తెర చూపించాడు. అంకె పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది: ‘ప్లేట్‌లెట్ గుంపులు?’ ప్రశ్నార్థకంతో సహా. అంటే నీకు అనుమానం వచ్చింది. నువ్వు అడిగావు. ఎవరైనా ఒకసారి కళ్లతో చూడండి బాబూ అని మొత్తుకున్నావు. ఆ వరుసను రిపోర్టులోకి రానివ్వకుండా కత్తిరించింది నువ్వు కాదు. కాగితం అందంగా కనబడాలని, పేషెంట్లు ప్రశ్నలు అడగకూడదని, స్లైడు చూసే మనిషికి పగటిపూట జీతం దండగని అనుకున్న పెద్దమనుషులు వేరే ఉన్నారు. రంగు పట్టి, ఆరి, చూసేసరికి అరగంటైనా పట్టని పని అది. దానికి మనిషి లేడు. గోడమీద ‘అత్యాధునిక సాంకేతికత’ అని బోర్డు రాయించడానికి మాత్రం మనిషి దొరికాడు.

కాబట్టి తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నీ వంతు నువ్వు చేశావు. సగం దారి నుంచి వెనుదిరిగిన ఆ దాతకు బస్సు చార్జీలిస్తామన్నా తీసుకోలేదు. ల్యాబ్ వాళ్లు మాత్రం నీలం గొట్టంలో తీసిన రక్తానికి కూడా మా దగ్గర పూర్తి డబ్బులు వసూలు చేశారు. బిల్లు మీద ‘రిపీట్ టెస్ట్, పేషెంట్ కోరిక మేరకు’ అని రాశారు.

ఇట్లు,
22,000 ప్లేట్‌లెట్ల వారి బావమరిది