అందుబాటు ధర ఇల్లు: పై హద్దు తెలుసు, కింది హద్దు తెలియదు

'అవి నిరుపేదలకిచ్చే ఇళ్లు కదా, ఉద్యోగం చేసుకునే మనకెందుకిస్తారు?' అమెరికాలో అందుబాటు ధరకు సొంత ఇల్లు కొనుక్కునే పథకాల ప్రస్తావన రాగానే తరచూ వినిపించే మాట ఇది. ఈ ఒక్క అపోహతోనే అర్హులు దరఖాస్తు దాకా వెళ్లకుండా ఆగిపోవడం నన్ను బాధిస్తుంది.

నిజానికి ఆదాయం బొత్తిగా లేనివారికే ఇక్కడ ఇల్లు దొరకడం కష్టం. 1976లో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే స్వచ్ఛంద సంస్థ ఇళ్లను ఉచితంగా పంచుతుందని చాలామంది నమ్ముతారు. కానీ అది చూసేవి మూడు: ఇంటి అవసరం ఉందా, నెలనెలా వాయిదా కట్టగలరా, ఇల్లు కట్టే పనిలో తామూ చెయ్యి వేస్తారా. అవసరం ఎంత ఉన్నా, వాయిదా కట్టే స్తోమత లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు.

ఇదీ ఆదాయానికి కింది హద్దు. ఇక పై హద్దు. చాలా పథకాలు ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలకు అంతకన్నా ఎక్కువ, సగం కుటుంబాలకు తక్కువ ఉండే మొత్తం) 80 శాతాన్ని గీతగా పెట్టుకుంటాయి. ఆ గీత కూడా అందరికీ ఒకటి కాదు. నలుగురున్న ఇంటికి హద్దు ఏడాదికి 80,000 డాలర్లు అనుకుందాం. కేంద్ర గృహనిర్మాణ శాఖ లెక్కలో ఒంటరి మనిషికి అందులో 70 శాతమే, అంటే 56,000. అయిదుగురుంటే 108 శాతం, అంటే 86,400. అందువల్ల 60,000 సంపాదించే ఒంటరి యువకుడు అనర్హుడవుతాడు. 78,000 తెచ్చుకునే ముగ్గురు పిల్లల తల్లి ఆదాయ పరీక్ష దాటుతుంది. 'నాకన్నా తక్కువ జీతమున్న అతనికే రాలేదు' అని ఆమె ఊరుకుంటే ఎంత నష్టం!

నేలను తన దగ్గరే ఉంచుకుని ఇంటిని మాత్రమే అమ్మే సంస్థను కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు అంటారు. ఈ ఇళ్ల మీద మరో అనుమానం: నేల ట్రస్టుదైతే ఇల్లు మనదెలా అవుతుందని. ఇల్లు కొన్నవారిదే. నేలను సాధారణంగా 99 ఏళ్ల లీజుకిస్తారు, తిరిగి అమ్మే ధరకు ముందే సూత్రం రాసుకుంటారు. లాభం తగ్గుతుంది, నిజమే. ఆ తగ్గింపే తర్వాత కొనే కుటుంబానికి ధరను అందుబాటులో ఉంచుతుంది. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది.

అన్నిటికన్నా తప్పుదోవ పట్టించేది 'మొదటిసారి కొనేవారు' అన్న మాట. గృహనిర్మాణ శాఖ నిర్వచనంలో గత మూడేళ్లుగా సొంత ఇల్లు లేనివారూ ఇందులోకి వస్తారు. భర్తతో కలిసి మాత్రమే ఇల్లు కలిగి ఉండి, తర్వాత విడాకులు తీసుకుని పిల్లలతో మిగిలిన స్త్రీ కూడా వస్తుంది. ఈ నిర్వచనం దరఖాస్తు మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో ఉండాలి.