ఓస్!

కరాటేకి నెల్లూరు చాలదని కనిపెట్టడానికి మా వీధి మాస్టారికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఇన్నాళ్లూ పొద్దున్నే ఐదున్నరకి గ్రౌండు మట్టిలో మా పిల్లల చేత ఏ పంచ్ కొట్టించారో, అదే పంచ్ కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో చెక్కనేల మీద కొడితే దాన్ని ఇంటెన్సివ్ సెమినార్ అంటారు. రెండింటికీ తేడా ఏమిటని అడిగే అజ్ఞానులు ఊళ్లో ఎక్కువయ్యారు. తేడా రెండు లక్షల ముప్పై వేలు. అది కూడా చీటీ పాడి తెచ్చిన సొమ్ము. ఇంత స్పష్టంగా ఉన్న తేడా కనపడని వాళ్ల కోసమే ఇదంతా రాయాల్సి వస్తోంది.

ముందు వీసా సంగతి. కరాటే అంటే 'ఖాళీ చేయి'. మొదట్లో ఆ పేరుని 'చైనా చేయి' అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవాళ్లు. 1936 అక్టోబరులో ఒకినావాలోని నాహా పట్నంలో పెద్ద గురువులంతా కూర్చుని ఖాళీనే ఖాయం చేశారు. వీసా ఇచ్చే వాళ్లకి మాత్రం ఖాళీ చేయి అంటే గిట్టదు, బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టమంటారు. మాస్టారి చేయి శాస్త్ర ప్రకారం పూర్తిగా ఖాళీ. దాంతో బావమరిది రొయ్యలమ్మిన డబ్బు మూడు నెలలపాటు ఆయన ఖాతాలో కాపురం పెట్టింది. అంతకు ముందే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి విదేశీ రొట్టె కూడా పట్టుకున్నారు. వీసా వచ్చేసింది. రొట్టె వల్ల వచ్చిందా, రొయ్య వల్ల వచ్చిందా అన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

చెన్నై దాకా బస్సు, అక్కడి నుంచి విమానాలు. అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు, మాస్టారు చెప్పారు కానీ.

సెమినార్ ఐదు రోజులు. మొదటి రెండు రోజులూ నిలబడటం నేర్పారు. నవ్వకండి. సాంచిన్ అని ఒక కటా ఉంది, కటా అంటే ఒక వరసలో చేసే కదలికల అభ్యాసం. పాదాలు కాస్త లోపలికి తిప్పి, పొట్ట బిగించి, బుసకొట్టినట్టు ఊపిరి వదులుతూ మెల్లగా అడుగులు వేయాలి. ఒళ్లు బిగిసిందా లేదా అని గురువుగారు భుజాల మీదా తొడల మీదా చరిచి చూస్తారు. మా మాస్టారికి ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు ఇదే శిక్షణ ఇచ్చారు. సర్టిఫికెట్ ఇవ్వలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

తర్వాత మట్టి కూజాలు. వాటిలో ఇసుక పోసి, మూతి అంచుని వేళ్లతో బిగించి పట్టుకుని, చేతికొకటి చొప్పున మోస్తూ నడవాలి. ఎండాకాలం ట్యాంకరు వచ్చిన రోజున మా వీధి ఆడవాళ్లు రెండేసి బిందెలతో చేసే పనే ఇది. పైగా ఒకినావాలో క్యూలో పోట్లాట ఉండదు. ఆ లెక్కన యుద్ధవిద్య సంపూర్ణంగా ఉన్నది ఎక్కడో పాఠకులే తేల్చుకోవచ్చు, నేను మాత్రం మాస్టారి ముందు ఆ మాట అనను.

అసలు పరీక్ష భోజనం దగ్గర. ఒకినావా వాళ్లకి కాకరకాయ అంటే ప్రాణం. టోఫూ, కోడిగుడ్డు వేసి వేయిస్తారు, గోయా చంపురూ అంటారు. నలభై ఏడేళ్లుగా కాకరకాయని కంచం అంచు దాటి లోపలికి రానివ్వని మనిషి, అక్కడ దాన్ని ఫొటో తీసి 'సూపర్ ఫుడ్' అని వాట్సాప్ స్టేటస్ పెట్టారు. మనకి రాత్రి తొమ్మిదిన్నర, ఆయనకి ఒంటిగంట. అయినా భార్య ఫోన్ చేసి లేపింది.

"ఏందయ్యా, కాకరకాయ తినేదానికి అంత దూరం పోవాల్నా? పోయిన వారం నేను వండితే కంచం తోసేస్తివే!"

మాస్టారు జవాబు చెప్పలేదు. ఊపిరి వదిలారు. శిక్షణ పనిచేస్తోందన్నమాట.

తిరిగొచ్చేసరికి ట్రంకు రోడ్డులో ఫ్లెక్సీ సిద్ధంగా ఉంది. ఫునకోషీ గిచిన్ అనే బడిపంతులు 1922లో ఈ విద్యని చూపించడానికి ఒకినావా నుంచి టోక్యో వెళ్లి, మళ్లీ వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయారు. వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు లేకపోవడమే కారణమని నా పరిశోధన. మా మాస్టారికి ఆ లోటు రాలేదు. ఫీజు ఆరొందల నుంచి వెయ్యి అయింది. మాస్టారు 'సెన్సై' అయ్యారు, జపాన్ భాషలో దానర్థం మాస్టారనే. పిల్లలు ఇకమీదట 'ఎస్ సార్' అనకూడదు, 'ఓస్' అనాలి. జపాన్‌లో అది గౌరవానికి గుర్తట. మా వాడు ఇప్పుడు పాలు తెమ్మన్నా, హోమ్‌వర్క్ చేయమన్నా 'ఓస్' అంటున్నాడు. గౌరవమో, తెలుగో అర్థం కాక మా ఆవిడ రెండుసార్లు చెయ్యెత్తి ఆగింది.

పోయిన ఆదివారం మాస్టారింట్లో చుట్టాలు చేరారు. వాళ్లమ్మగారు గోడకి ఆనుకుని కూర్చుని, "అంత దూరం పోయి ఏం నేర్చుకొనొచ్చినావో ఒకసారి చూపించు అబ్బయ్యా" అన్నారు. కుర్చీలు పక్కకి జరిపించారు. ఆయన పాదాలు లోపలికి తిప్పి, పొట్ట బిగించి, బుసకొడుతూ మూడడుగులు ముందుకేసి నిలబడ్డారు. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చూశారు.

"ఓస్!" అన్నారు.

మాస్టారు నడుం వంచి నమస్కారం పెట్టారు.