రైఫిల్‌తో పాటు ఫ్రీగా వచ్చిన స్కోప్ గారికి

మహారాజశ్రీ కాంబో స్కోప్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. నేను కొన్నది రైఫిల్. గురి చూడ్డానికి దాని మీద బిగించే దుర్భిణి తమరు, ఫ్రీ. ఆ ముక్క పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది, షాక్‌ప్రూఫ్ అన్న మాట కూడా ఉంది. దాని గురించే ఈ ఉత్తరం.

నిన్న మధ్యాహ్నం షూటింగ్ రేంజ్‌లో 100 గజాల దగ్గర తూటాలు నాలుగు అంగుళాలు కుడికి పడుతున్నాయి. తమరి బుడిపె ఒక క్లిక్ తిప్పితే తూటా పడే చోటు పావు అంగుళం జరుగుతుందని దాని మీదే చెక్కి ఉంది. అంటే ఎడమకి 16 క్లిక్‌లు. ఎక్కాలు వచ్చినవాణ్ణే కాబట్టి లెక్కపెట్టి తిప్పాను. కాల్చాను. తూటా కదల్లేదు, పాత చోటే పడింది. మళ్లీ కాల్చాను. తమరికి అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, ఒక్క దూకుతో కాగితం ఎడమ అంచుకు చేరారు. వెనక్కి తిప్పితే కిందికి దిగారు! నేను తిప్పింది కుడిఎడమలకి జరిపే పక్క బుడిపె అండీ, పైకీ కిందికీ జరిపే పైది కాదు.

తప్పు బిగింపుదేమోనని తమర్ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలన్నీ విప్పి, నూనె తుడిచి మళ్లీ బిగించాను. సాయంత్రానికి తూటాల డబ్బా ఖాళీ. పక్క బెంచీ పెద్దాయన జాలిపడి తన పాత స్కోప్ ఇస్తే, ఇదే రైఫిల్ మూడు తూటాలనూ అంగుళంన్నరలో పెట్టింది. చవక రైఫిల్ తన పని తాను చక్కగా చేసుకుపోతోంది పాపం. దాని ప్లాస్టిక్ స్టాక్, అంటే చేత్తో పట్టుకునే పిడి భాగం, గట్టిగా నొక్కితే వంగి బ్యారెల్ గొట్టానికి తగులుతుంది, అయినా క్షమించాను. మొదటి తుపాకీకి మాగ్నమ్, అంటే మామూలు కన్నా బలమైన తూటా, లేకపోతే ఎలా అన్న కౌంటర్ పెద్దమనిషికి కూడా ఒక దండం. 1952లో వచ్చిన మామూలు .308 తూటాకి ఇప్పటిదాకా ఏ జింకా బలం చాలలేదని ఫిర్యాదు చెయ్యలేదు.

నిన్ను మాత్రం క్షమించలేను. అవును, నువ్వనే అంటున్నాను. జింక ఛాతీలో గురి పెట్టాల్సిన చోటు మహా అయితే ఎనిమిది అంగుళాలు. 100 గజాల దగ్గర నాలుగు అంగుళాల తేడా 200 గజాలకి ఎనిమిది అవుతుంది. ఊపిరితిత్తులకి పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. ఆ జంతువు చీకట్లో ఎక్కడో పొదల్లో పడి గంటల తరబడి చావలేక చస్తుంది. కాగితం మీద నీ ఆటలు నాకు డబ్బు దండగ, అంతే. అక్కడ అలా కాదు. తిప్పినప్పుడు కదలనిదానివి, తిప్పనప్పుడు కదిలేదానివి, నీకెందుకే ఆ గీతలు, ఆ అంకెలు, మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపిస్తానన్న 3-9×40 బిరుదు? పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కాంబో వద్దని, ఉత్త రైఫిల్ అమ్మమని అడిగితే ధరలో పెద్ద తేడా లేదన్నారు. నీ విలువెంతో అమ్మినవాళ్లకి ముందే తెలుసన్నమాట.

నిన్ను ఊడదీసి నీ పెట్టెలోనే పెట్టేశాను. రింగులు ఉంచుకుంటున్నాను, అవి గట్టివే.

ఇట్లు,
మళ్లీ తూటాలకి డబ్బులు కూడబెడుతున్న
తమరి మాజీ యజమాని