సెలవుల్లో సెలవెరుగని శ్రమజీవులు

లోకమంతా సెలవుల మీద ఉన్నప్పుడు ఒక్క వర్గం మాత్రం కంటి మీద కునుకు లేకుండా పనిచేస్తుంది. వారాంతం లేదు, బోనస్ లేదు, సంఘం లేదు. సీజన్ మొదలు కాకముందే రాత్రికి రాత్రి వెబ్‌సైటు లేపి, పరాయి దుకాణం ఫొటోలు తెచ్చి అతికించి, 90 శాతం తగ్గింపు బోర్డు తగిలించి మన కోసం గుమ్మంలో నిలబడి ఉంటారు. అలాంటివాళ్లను పట్టుకుని ఆన్‌లైన్ దొంగలు అనెయ్యడానికి మనకు నోరెలా వస్తుందో! పైగా ఈమధ్య కొందరు కొనుగోలుదారులు వాళ్ల పొట్ట కొట్టే పనులు మొదలుపెట్టారు. ఆ దురాగతాలను ఖండించడం నా ధర్మం.

వెబ్‌సైటు అడ్రసును అక్షరం అక్షరం చదవడం అందులో మొదటిది. ఆ మాటకొస్తే చదివినా కొన్నిసార్లు దొరకరు, అంత పనితనం వాళ్లది. 2017లో ఒక పరిశోధకుడు రష్యన్లు వాడే సిరిలిక్ లిపి అక్షరాలతో ఆపిల్ కంపెనీ అడ్రసును అచ్చు దింపి చూపిస్తే పేరుమోసిన బ్రౌజర్లే బోల్తా పడ్డాయి. కానీ మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, దుకాణం అడ్రసు తామే టైపు చేసుకునే మొండివాళ్లు కొందరున్నారు. వాళ్ల ముందు ఎంత కళ అయినా బూడిదలో పోసిన పన్నీరే.

తాళం బొమ్మ సంగతి ఇంకా బాధాకరం. అడ్రసు పక్కన బుల్లి తాళం కప్ప కనబడితే చాలు, ఒకప్పుడు జనం నిశ్చింతగా కార్డు నంబరు ఇచ్చేసేవారు. అది చెప్పేదల్లా మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. దొంగ తన ఇంటికి వేసుకున్నదీ తాళమే కదా! జనం దాన్ని యోగ్యతాపత్రం అనుకుంటున్నారని 2023లో గూగుల్ వాళ్లు క్రోమ్‌లోంచి ఆ బొమ్మనే తీసేశారు. పరిశ్రమకు ఇంత దెబ్బ తగిలినా ఒక్క సంతాప సభ కూడా జరగలేదు.

అన్నిటికంటే పెద్ద ద్రోహం మాత్రం నిదానం. "రేపు చూద్దాంలే" అన్న మాట వింటే వాళ్ల గుండె ఆగిపోతుంది. అదృష్టవశాత్తూ ఆ జబ్బు మనలో ముదరకుండా కాపాడుతున్నది మన పెద్ద పెద్ద నిజాయితీ దుకాణాలే. మొన్నో రాత్రి హెడ్‌ఫోన్ల కోసం ఒక పేజీ తెరిచాను. ఎర్రటి అంకెల్లో పది నిమిషాల గడియారం వెనక్కి పరిగెడుతోంది. "రెండే మిగిలాయి" అని ఒక పక్క, "ఇప్పుడే ఒకరు కొన్నారు" అని ఇంకో పక్క. చెమటలు పట్టాయి. కార్డు వెతుక్కుని వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ పది నిమిషాలు, మళ్లీ రెండే. పొద్దున్న లేచి చూసినా ఆ రెండూ నా కోసం పడిగాపులు కాస్తూనే ఉన్నాయి. ఇంతకీ అది దొంగ సైటు కాదు, పేరున్న, పన్నులు కట్టే దుకాణమే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో సుమారు 11,000 షాపింగ్ సైట్లను జల్లెడ పడితే కొనేవాణ్ణి తొందరపెట్టి, తికమకపెట్టి దారి మళ్లించే జిత్తులు 1,818 దొరికాయి. సున్నాకు వచ్చాక కూడా ఆఫరు ఎక్కడికీ పోని గడియారాలు వాటిలో ఉన్నాయి. అంటే దుక్కి దున్నిందీ, నీళ్లు పెట్టిందీ పెద్ద దుకాణాలు. పాపం మనవాళ్లు కోతకు మాత్రమే వస్తున్నారు. నేరమంతా వాళ్ల నెత్తిన రుద్దడం ఏం న్యాయం?

మా బావమరిదిని చూడండి, ఆదర్శ వినియోగదారుడు. "మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రసు సరిగా లేదు, చిల్లర రుసుము కట్టండి" అని మెసేజ్ వచ్చింది. సెలవుల్లో ఎవరికి మాత్రం పార్సిల్ రావాల్సి ఉండదు? గుడ్డిగా విసిరినా తగిలే రాయి అది.

"చిల్లరే కదా బావా" అంటూ కార్డు వివరాలు కొట్టేశాడు.

వాళ్లకు కావలసింది ఆ చిల్లర కాదు, కార్డు. ఓటీపీ వచ్చింది. ఎవరికి, ఎంత సొమ్ము వెళ్తోందో ఆ మెసేజ్‌లోనే స్పష్టంగా రాసి ఉంది. చిల్లర కాదది, అతని నెల జీతం. కానీ ఓటీపీలో అంకెలు తప్ప మాటలు చదివే అలవాటు మన వంశంలో లేదు.

సొమ్ము కట్టే పద్ధతిలోనూ వాళ్ల అభిరుచిని గౌరవించాలి. క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకుకు ఫిర్యాదు చేసి వెనక్కి తెచ్చుకునే దారి ఎంతో కొంత ఉంటుంది కాబట్టి, "ఈరోజు కార్డు పనిచేయడం లేదండీ, నేరుగా ఖాతాలో వేసెయ్యండి" అంటారు. గిఫ్ట్ కార్డు కొని దాని నంబరు చదవమన్నా చదవాలి. ఏ దుకాణమైనా తన బాకీ గిఫ్ట్ కార్డుల్లో వసూలు చేసుకుంటుందా అని అడగడం మర్యాద కాదు.

ఇక అమ్మకం తర్వాత సేవ. ఈ ఒక్క విషయంలో వాళ్లకు సాటి లేదు. బావమరిది డబ్బు పోయిన వారానికే ఒకాయన ఫోన్ చేశాడు. "మీకు జరిగిన అన్యాయం తెలిసింది సార్, సొమ్ము తిరిగి ఇప్పిస్తాం, ముందు చిన్న ఫీజు కట్టాలి" అన్నాడు. పోయిన మొత్తం పైసలతో సహా చెప్పాడు. ఎలా తెలిసిందో మరి!

నా సంగతంటారా? మూడో రోజుకి తట్టుకోలేక ఆ హెడ్‌ఫోన్లు కొన్నాను. ఎడమ చెవి వినిపించడం లేదు. నిజాయితీ దుకాణం వారి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నలభై నిమిషాలైంది. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటూ సంగీతం వస్తోంది. ఈలోగా బావమరిది కోసం ఆ సొమ్ము ఇప్పిస్తామన్నవాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. అన్నం తిన్నాడా అని కూడా అడిగారు.